కుదిరిన లెక్క, కుదురని నీరు

పెరుగు చిలుకునప్పుడు కుండలోపల జరుగునది మన కంటికి కనబడదు. కవ్వము ఇటు తిరుగును, అటు తిరుగును. నురుగు పైకి వచ్చును. కొంతసేపటికి వెన్న తేలును. కాని చిలుకు ఇల్లాలి చేతికి లోపలి సంగతి తెలియును. త్రాడు బరువెక్కినచో ఒక అర్థము, తేలికపడినచో మఱియొక అర్థము. ఎప్పుడు చన్నీళ్ళు పోయవలయునో, ఎప్పుడు కవ్వము నిలుపవలయునో ఆమెకు ఒకరు చెప్పనక్కఱలేదు.

నేడు మందుల కర్మాగారములలో ఈ చిలుకుడు పనియే పెద్దయెత్తున జరుగుచున్నది. హైదరాబాదు చెంత జీడిమెట్లలోను, పటాన్‌చెరువులోను, విశాఖపట్టణము చేరువ పరవాడలోను వేలకొలది లీటర్లు పట్టు పాత్రలు కలవు. మన పల్లెలనుండి పోయి అచ్చట పనిచేయు యువకులును అనేకులు. పాత్ర నడుమ నిలువుగా ఒక కడ్డీ, కడ్డీ చివర రెక్కలు, పైన మోటారు. పాత్ర గోడల వెంబడి నిలువుగా అడ్డుపలకలు అమర్చబడియుండును. వీనిని అచ్చటివారు బాఫిల్ అందురు. అడ్డుపలకలు లేనిచో ద్రవమంతయు ఒక్క ముద్దగా గిఱ్ఱున తిరుగునే కాని, పైది క్రిందికిని క్రిందిది పైకిని చక్కగా కలియదు.

ఈ పాత్రలకు మూత యుండును. త్రిప్పునది మోటారు కాని మనిషి కాదు. కాబట్టి లోపలి సంగతి ఏ చేతికిని తెలియదు. తెలియకున్నచో వచ్చు నష్టము చిన్నది కాదు. కొన్ని రసాయనములు కలియునప్పుడు వేడి పుట్టును; ఆ వేడి ద్రవముతో కూడ తిరిగి గోడకు చేరినగాని చల్లారదు. కలియని మూల యొకటి మిగిలినచో వేడి అచ్చటనే పోగగును. అది మితిమీఱినచో ప్రాణములకే ముప్పు. అడుగున పొడి పేరుకొన్నచో ఒక విడత మందంతయు పాడగును. అందుచేత పాత్రను చేయింపకముందే, లోపల ద్రవము ఎట్లు నడచునో కంప్యూటరుమీద లెక్కగట్టి చూచుట వాడుకయైనది.

నేను అట్టి లెక్కలు వేయువాడను. ఆ లెక్క ఒక్కొక్కప్పుడు ఎంతకును కుదురదు. అది యెందుకు కుదురదో, కుదుర్చుటకు ఏమి చేయుదుమో, కుదిరినట్లు కనబడిన లెక్కను వెంటనే ఎందుకు నమ్మరాదో నేడు మీకు మనవి చేసెదను.

ముందుగా లెక్క స్వభావము చెప్పవలయును. ద్రవముల నడకకు సూత్రములు క్రొత్తవి కావు. ఫ్రాన్సుదేశీయుడగు నావియే 1822లోను, పిమ్మట ఆంగ్లదేశమున ఆచార్యుడుగా నుండిన స్టోక్సు 1845లోను వానిని వ్రాసి యుంచిరి. ఒక చోటనున్న నీరు ఎటు, ఎంత వేగముతో పోవుననునది దాని వెనుకటి వేగమును, చుట్టుప్రక్కల పీడనమును, ద్రవము జిగటను బట్టి యుండునని వాని సారము. సూత్రములు తెలిసియున్నను, రెక్కలు సుడులు రేపుచు తిరుగు పాత్రకు వానిని సాధించి ఒక్క పంక్తిలో జవాబు వ్రాయుట ఇంతవరకు ఎవరికిని సాధ్యము కాలేదు.

అందువలన పాత్రలోని ద్రవమును చిన్న చిన్న గళ్ళుగా ఊహించుకొందుము. గళ్ళు లక్షల సంఖ్యలో నుండును. ప్రతి గడికిని తక్కువలో తక్కువ నాలుగు అంకెలు కావలయును: మూడు దిక్కుల వేగములు మూడు, పీడనము ఒకటి. ఏ గడి అంకెయు స్వతంత్రము కాదు. ప్రక్క గళ్ళలోని అంకెలు మాఱినచో దీనిదియు మాఱవలయును. ఇది మాఱినచో మఱల ప్రక్కవి మాఱవలయును.

ఇది యెట్లు తెగునో చూపుటకు ఒక పొలపు లెక్క చెప్పెదను. పంటకాలువకును, మురుగుకాలువకును నడుమ మూడు మళ్ళు వరుసగా నున్నవనుకొనుడు. గట్లకు గండ్లు కలవు. పంటకాలువలో నీటిమట్టము 10 అంగుళములు, మురుగుకాలువలో 2 అంగుళములు. ప్రతి మడిలోని మట్టమును దాని ఇరుప్రక్కల మట్టములకు సరిగా నడిమిదిగా నుండవలయునని నియమము. మొదట మూడును ఎండుమళ్ళు. మొదటి మడికి 10కిని సున్నకును నడుమ 5 వచ్చును. రెండవ మడికి 5కును సున్నకును నడుమ 2.5. మూడవ మడికి 2.5కును 2కును నడుమ 2.25. ఇది ఒక చుట్టు. కాని రెండవ మడిలో నీరు చేరినందున మొదటి మడి అంకె ఇక సరికాదు. మఱల మొదటినుండి రావలయును. రెండవ చుట్టులో 6.25, 4.25, 3.125 వచ్చును. మూడవ చుట్టులో 7.125, 5.125, 3.5625. ఇట్లు తిరుగగా తిరుగగా 8, 6, 4 అను అంకెల కడకు చేరును. అటుపిమ్మట ఎన్ని చుట్లు తిరిగినను అవి మాఱవు.

లెక్క నడుచునప్పుడు, నియమము కోరు అంకెకును మన చేతనున్న అంకెకును గల తేడాను వెలితి యందము. చుట్టుచుట్టునకు వెలితి తగ్గి తగ్గి లెక్కింపరానంత స్వల్పమైనచో లెక్క కుదిరినదందుము. శాస్త్రగ్రంథములలో దీనికి అభిసరణమని పేరు. ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. రెండవ మడికి తుది జవాబు 6 అని మనకు ముందుగా తెలియదు. తెలియునది వెలితి మాత్రమే. గమ్యము కానరాని దారిలో, ప్రక్కనున్న రాళ్ళను చూచి నడచుట వంటిదిది. ఈ మాటను మనసునందుంచుకొనుడు. దీనితో తరువాత పనియున్నది.

మూడు మళ్ళ లెక్క సాధువైనది. పాత్రలోని లెక్క అంత సాధువు కాదు. నీరు తన వేగమును తానే మోసికొనిపోవును. పీడనమును సవరించినచో వేగము చెడును. వేగమును సవరించినచో పీడనము చెడును. క్రొత్తగా బండి తోలువానిని మీరు చూచియుందురు. బండి బాటనుండి 48 అంగుళములు ఎడమకు తప్పినది. వాడు బెదరి 120 అంగుళములు కుడికి లాగెను. బండి ఇప్పుడు 72 అంగుళములు కుడిప్రక్కన నున్నది. ఇంకను బెదరి 180 అంగుళములు ఎడమకు లాగెను. బండి 108 అంగుళములు ఎడమకు పోయినది. ప్రతి సవరణయు తప్పును పెంచుచున్నది. ఆ తోలువానినే, నీకు తోచినదానిలో సగము మాత్రమే లాగుమని చెప్పినచో ఏమగును? మొదట 120కి బదులు 60 లాగును. బండి 12 అంగుళములు కుడికి వచ్చును. అప్పుడు తోచునది 30, లాగునది 15. బండి 3 అంగుళములు ఎడమకు వచ్చును. మూడవమారు తప్పు ఒక అంగుళములోపల పడును. చేయి అదియే, ఎద్దులు అవియే. తొందర తగ్గుటచేత బండి బాటకు వచ్చినది.

లెక్కలోను ఇదే ఉపాయము. 1972లో లండనులోని ఇంపీరియల్ కాలేజీలో పనిచేయుచున్న సుహాస్ పటాంకర్, బ్రయన్ స్పాల్డింగ్ అను నిరువురు, పీడనమును వేగమును ఒకదాని వెంట నొకటి సవరించుచు పోవు పద్ధతి నొకదానిని ప్రకటించిరి. పటాంకర్ మన దేశమున పూనాలో జన్మించినవాడు. ద్రవముల లెక్కకు నేడు వాడుకలోనున్న అనేక ప్రోగ్రాములలో ఆ పద్ధతియో, దాని సంతతియో కలదు. అందులో తోచిన సవరణనంతను తీసికొనరు. వేగమునకు 10 పాళ్ళలో 7, పీడనమునకు 3 తీసికొనుట సాధారణముగా మొదటి ప్రయత్నము.

అయినను కొన్ని లెక్కలు కుదురవు. అప్పుడు పాళ్ళను ఇంకను తగ్గించుదమని బుద్ధి పుట్టును. అది సులభము, కాని కారణము వెదకక చేయరాదు. జ్వరము వచ్చినవానికి కారణమెఱుగక ఒంటిపై చన్నీళ్ళు పోసినట్లగును. వెదకవలసిన చోట్లు కొన్ని కలవు.

మొదటిది గళ్ళు. పాత్ర వెడల్పు ఒకటి రెండు మీటర్లుండగా రెక్క మందము కొన్ని మిల్లీమీటర్లే యుండును. రెక్క చెంత గళ్ళు మిక్కిలి సన్నముగా నుండవలయును; దూరముగా పెద్దవి చాలును. చిన్నవాని ప్రక్కనే హఠాత్తుగా పెద్దవి వచ్చినను, ఇఱుకు మూలలో గళ్ళు వంకరపోయి నలిగినను, లెక్క అచ్చట తట్టుకొనును. వంకర గొలుసుతో కొలిచిన పొలమునకు హద్దులు కలియవుగదా! లక్షల గళ్ళలో పది చెడ్డవైనను చాలును, పనియంతయు నిలిచిపోవుటకు. ఇట్టివేళ వెలితి మొత్తమెంతయని చూచుటకంటె, అది యే చోట హెచ్చుగా నున్నదని చూచుట మేలు. తప్పు తన యిల్లు తానే చూపును.

రెండవది తిరుగుడు. రెక్కలు తిరుగును, అడ్డుపలకలు తిరుగవు. రెంటికి ఒకే లెక్క యెట్లు? జాతరలో రంగులరాట్నముపై కూర్చున్న పిల్లవానికి ప్రక్క గుఱ్ఱము కదలనట్లును, జాతరయంతయు తిరుగుచున్నట్లును తోచును. ఆ యుక్తినే వాడుదుము. రెక్కల చుట్టును పీపా ఆకారమున ఒక హద్దును ఊహింతుము. పీపాలోపల, రెక్కపై కూర్చున్నవాని చూపుతో లెక్క. వెలుపల, నేలపై నిలిచినవాని చూపుతో లెక్క. లుయో, ఇస్సా, గోస్మన్ అనువారు 1994లో దీనిని కలుపు పాత్రలకు వర్తింపజేసిరి. ఇందులో రెక్కలు నిజముగా తిరుగవు. ఒక్క క్షణమున నిలిపిన చిత్రమువలె నుండును. పీపా హద్దు రెక్కల కొనలకు మఱీ దగ్గఱగా నున్నచో, ఉఱికివచ్చు నీటిధారల నడుమ లోపలి లెక్కకును వెలుపలి లెక్కకును పొత్తు కుదురదు. అడ్డుపలకకు తగిలినచో మఱింత చెడును. రెక్కకొనకును పలకకును నడుమ నుంచుట క్షేమము. పీపాకు వెలుపలనున్న కడ్డీ భాగము కూడ తిరుగుచున్నదని కంప్యూటరునకు వేఱుగా చెప్పవలయును. దానిని మఱచినచో, లెక్క కుదిరియు తప్పగును.

మూడవది పీడనమునకు ఆనవాలు. ఈ పాత్రకు నీరు వచ్చు దారి లేదు, పోవు దారి లేదు. పీడనములో ఒకచోటికిని మఱియొకచోటికిని గల తేడాయే నీటిని నడుపును గాని, మొత్తము ఎంతయని నిర్ణయించునది ఏదియు లేదు. బావి మెట్లు లెక్కించువాడు ఏ మెట్టు మొదటిదో ముందు చెప్పవలయును. అట్లే ఒక గడిలో పీడనము ఇంతయని మనము నిలిపియుంచవలయును. లేనిచో అంకెలన్నియు కలిసి అటునిటు జారుచుండును.

నాలుగవది ప్రారంభము. నిలుకడగానున్న ద్రవములో ఒక్కసారి నిమిషమునకు 300 తిరుగుళ్ళ వేగము పెట్టినచో మొదటి చుట్లలోనే అంకెలు చెదరిపోవచ్చును. 60తో మొదలిడి మెల్లమెల్లగా పెంచవలయును. మొదట మోటు పద్ధతితో కొంతదూరము నడిపి, పిమ్మట సూక్ష్మ పద్ధతికి మఱలవలయును. ఇందులో ఒక వింత కూడ కలదు. కొన్ని ప్రోగ్రాములు వెలితిని మొదటి కొన్ని చుట్లలోని వెలితితో పోల్చి చూపును. మంచి అంకెలతో మొదలిడినవానికి మొదటి వెలితియే తక్కువ. కావున అది తగ్గినట్లు కనబడదు. చెడ్డ అంకెలతో మొదలిడినవానికి వేయిరెట్లు తగ్గినట్లు కనబడును. గీతను చూచి మోసపోరాదు.

ఇవన్నియు సరిచూచినను కొన్ని లెక్కలలో వెలితి కొంత దిగి, అచ్చటనుండి పైకిని క్రిందికిని ఊగుచుండును. ఇట్టిచోటనే నేను ఒకప్పుడు తప్పు చేసితిని.

కొన్నేండ్ల క్రిందట ఒక కర్మాగారమువారి పాత్ర లెక్క నాకు వచ్చెను. లోపల గాజుపూత పూసిన ఉక్కుపాత్ర, మూడు వంపు రెక్కలు, అడ్డుపలక ఒక్కటే. ద్రవములో మందు సన్నని పలుకులుగా ఏర్పడును. అవి తేలుచు తిరుగుచుండవలయునే కాని అడుగున కూర్చుండరాదు. వెలితి ఊగసాగెను. గడువు దగ్గఱపడెను. నేను సవరణ పాళ్ళను తగ్గించితిని. ఊపు కొంచెము తగ్గెను. ఇంకను తగ్గించితిని. అదియు చాలక సూక్ష్మ పద్ధతిని మాని మోటు పద్ధతికే మఱలితిని. ఊపు అణగెను. చుట్టునుండి చుట్టునకు అంకెలలో మార్పు కనబడలేదు. రంగుల చిత్రములు గీయించి, పలుకులు అడుగున నిలువవని వ్రాసి యిచ్చితిని.

పాత్ర తయారయ్యెను. మొదటి విడతలోనే అడుగున, అడ్డుపలకకు ఎదుటిప్రక్కను పలుకులు గడ్డకట్టెను. ఆ విడత పారబోయవలసివచ్చెను. నన్ను పిలిపించిరి. ఆ పాత్రను నడుపువాడు ఉద్యోగవిరమణకు దగ్గఱపడిన పెద్దమనిషి. నేను నా చిత్రమును ఆయనకు చూపితిని. ఆయన చాలసేపు దానిని చూచి, మూతలోనున్న అద్దపు కిటికీయొద్దకు నన్ను తీసికొనిపోయెను.

“బాబూ, మీ బొమ్మలో నీళ్లు బుద్ధిగా తిరుగుతున్నాయి. ఇక్కడ అలా తిరగవు. కాసేపు ఇటు ఉబ్బుతాయి, కాసేపటికి అటు ఉబ్బుతాయి. మోటారు మోత కూడా దాంతోబాటే మారుతుంది. వినండి” అనెను.

నేను చెవియొగ్గి వింటిని. నిజమే. మోత మెల్లగా హెచ్చుచు, మెల్లగా తగ్గుచుండెను. కుండలోని సంగతి కవ్వపుత్రాడునుబట్టి తెలిసికొను ఇల్లాలివలె, ఆయన చెవితో తెలిసికొనుచుండెను.

నా లెక్క కుదురకపోవుటకు కారణము అప్పుడు తెలిసినది. ఆ నీరే కుదురైనది కాదు. కుదురైన జవాబు అసలు లేనిచోట దానిని చూపుమని నేను లెక్కను నిర్బంధించితిని. ఊగుచున్న వెలితి నాకు నిజమే చెప్పుచుండెను. నేను దాని నోరు మూసితిని. మూసిన విధములు రెండు. పాళ్ళను మితిమీఱి తగ్గించినందున అడుగు అత్యల్పమైనది. అందుచే మార్పు లేనట్లు కనబడినది. నడక మానిన బండి బాట తప్పదు, ఊరును చేరదు. ఇక మోటు పద్ధతికి ఒక దుర్గుణము కలదు: ద్రవమునకు లేని జిగటను అది తెచ్చిపెట్టును. నేను నీటిని పాకముగా మార్చి, పాకము ఊగుటలేదని సంతోషించితిని.

ఇట్టి ఊపు ఆ యొక్క పాత్రకే చెందినది కాదు. నాలుగు అడ్డుపలకలతో చక్కగా అమర్చిన పాత్రలలో కూడ రెక్కల వెనుక సుడులు పుట్టి విడిపోవుచుండును. అంతకంటె నెమ్మదియైన ఊపు మఱియొకటి పాత్రయంతటను కలదు. చదునైన ఆఱు రెక్కల చక్రము గల పాత్రలను కొలిచి చూచినవారు, సుమారు 50 తిరుగుళ్ళకు ఒకమారు అది వచ్చిపోవుచుండునని కనుగొనిరి.

దీనికి తగిన మందు, కాలముతో కూడ లెక్క నడపుటయే. రెక్కలున్న పీపాను గళ్ళతోసహా నిజముగా కొంచెము కొంచెము త్రిప్పుచు, ప్రతి అడుగునందును లెక్కను కుదుర్చుకొనుచు పోవలయును. ఖర్చు చూడుడు. నిమిషమునకు 300 తిరుగుళ్ళన్నచో సెకనునకు 5. ఒక్కొక్క అడుగునకు ఒక డిగ్రీ త్రిప్పినచో, సెకనులో 1,800వ వంతు కాలము గడచును. పైన చెప్పిన నెమ్మది ఊపు ఒక్కటి చూచుటకు 50 తిరుగుళ్ళు, అనగా 10 సెకనులు, అనగా 18,000 అడుగులు. కంప్యూటరునకు ఇది రోజులకొలది పని కావచ్చును. అందుకే తొందరలోనున్నవాడు నిలిపిన చిత్రముతో సరిపెట్టుకొనును.

నిలిపిన చిత్రము ఎల్లప్పుడును పనికిరాదని నా భావము కాదు. రెక్కలకు ఎంత శక్తి కావలయునో, నీరు సామాన్యముగా ఎటు పోవునో తెలిసికొనుటకు అది చాలవఱకు చాలును. అయితే దానిని పరీక్షింపక పంపరాదు. నేను ఆనాడు చేయక, నేడు తప్పక చేయు పరీక్షలు మూడు కలవు.

మొదటిది మెలికల పరీక్ష. రెక్కలు ద్రవమును ఎంత మెలికతో త్రిప్పునో, గోడలు, అడుగు, అడ్డుపలకలు కలిసి అంతే మెలికతో దానిని ఆపవలయును. ఈ రెండును సమానము కానిచో ద్రవము ఇంకను వేగము పుంజుకొనుచుండవలయును, లేదా మందగించుచుండవలయును. అట్టిదానిని కుదిరినదనరాదు. ఊగు నీటికైనచో, చాలకాలపు సగటున ఇవి సమానము కావలయును. ఆ కర్మాగారమునుండి తిరిగివచ్చి నా పాత లెక్కను తెఱచి చూడగా, ఆ రెంటికి నాలుగవవంతు తేడా యుండెను. రెండు అంకెలును మొదటినుండియు నా యెదుటనే యుండెను. నేను వానిని ప్రక్కప్రక్కన పెట్టి చూడలేదు.

రెండవది కొలతలతో పోల్చుట. అమెరికాలో రష్టన్ అను నాయన తన సహచరులతో కలిసి 1950లో పలువిధముల రెక్కలకు కావలసిన శక్తిని కొలిచి ప్రకటించెను. ఆఱు చదును రెక్కల చక్రమునకు నేటికిని ఆయన పేరే. శక్తి తిరుగుడు వేగమునుబట్టి ఘనముగా పెరుగును: వేగము రెట్టింపైనచో శక్తి 8 రెట్లు. రెక్కల వెడల్పు రెట్టింపైనచో 32 రెట్లు. నీటిలో 10 సెంటీమీటర్ల చక్రమును సెకనునకు 5 తిరుగుళ్ళు త్రిప్పుటకు సుమారు 6 వాట్లు కావలయును. మెలిక ఎంతయనగా, కడ్డీ నడుమనుండి 10 సెంటీమీటర్ల దూరమున 200 గ్రాముల బరువు వ్రేలాడగట్టినంత. లెక్క దీనికి చాల దూరముగా వచ్చినచో, వెలితి గీత ఎంత క్రిందికి దిగినను ఆ లెక్క పనికిరాదు.

మూడవది గళ్ళను ఇంకను సన్నము చేసి మఱల లెక్క వేయుట. జవాబు మాఱినచో, మొదటి జవాబు గళ్ళదే కాని నీటిది కాదు. మెలిక త్వరగా నిలకడకు వచ్చును. సుడులలో శక్తి అరుగుట మాత్రము మోటు గళ్ళలో తక్కువగా తేలుట వాడుక. ఏది కావలయునో దానినే పరీక్షింపవలయును.

తప్పును దాచక చెప్పుటకు ఒక పెద్దమనిషి మనకు మార్గము చూపియున్నాడు. ఆంగ్లేయుడగు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ మొదటి ప్రపంచయుద్ధకాలమున ఫ్రాన్సులో గాయపడినవారిని మోయు బండ్లతో పనిచేయుచు, విరామములలో వాతావరణమును గళ్ళుగా విడదీసి చేతితో లెక్కగట్టెను. 1910 మే 20వ తేదీ సంగతి అది. ఆఱు గంటలలో వాయుపీడనము 145 మిల్లీబారులు పెరుగునని అతని లెక్క చెప్పెను. నిజమునకు ఆనాడు అది దాదాపు కదలనే లేదు. అతడు ఆ తప్పు లెక్కను దాచక 1922లో తన గ్రంథమున అచ్చువేయించెను. సూత్రములు తప్పు కావనియు, మొదట తీసికొన్న గాలివేగములకును పీడనములకును పొందిక లేకపోవుటయే తప్పనియు పిమ్మటివారు నిరూపించిరి. అతడు దాచియున్నచో ఆ పాఠము ఎవరికిని దక్కియుండెడిది కాదు.

నేనును ఆ కర్మాగారమువారికి నా తప్పును వ్రాసి యిచ్చితిని. కాలముతో కూడిన లెక్క మఱల వేసితిని. అందులో నీరు అటునిటు ఉబ్బుటయు, అడ్డుపలకకు ఎదుటిప్రక్కను అడుగున నడక మందగించుటయు కనబడెను. వారు రెక్కలను అడుగునకు చేరువగా దింపి, అడ్డుపలకను మార్చిరి. తరువాతి విడతలలో పలుకులు గడ్డకట్టలేదు. ఆ మార్పు చేయకముందు మేము చిత్రమును ఆ పెద్దమనిషికి చూపితిమి. “ఇప్పుడు మా పాత్రలా ఉంది” అని ఆయన అనెను. నాకు అంతకుమించిన యోగ్యతాపత్రము అక్కఱలేకపోయెను.

మీలో కరణముల లెక్కలు చూచినవారు కలరు. జమకు ఖర్చు సరిపోయి, పుటలన్నియు చక్కగా కలిసిన పుస్తకము ముచ్చటగా నుండును. కాని తెలిసిన పెద్దలు పుస్తకము మూసి, గాదె తలుపు తీయించి ధాన్యము కొలిపించెడివారు. లెక్క లెక్కతో కలియుట ఒకటి, లెక్క గాదెతో కలియుట మఱియొకటి. కంప్యూటరులోని వెలితి మొదటిదానిని మాత్రమే చెప్పును. రెండవదానిని మనమే కొలిచి చూడవలయును.

మీ పిల్లలో, మనుమలో ఇట్టి పనులలో నుండి, సెలవులకు ఇంటికి వచ్చి, కంప్యూటరు ఇట్లు చెప్పినదని మీతో అన్నచో, మీరు కంప్యూటరు తెలియనివారమని సంకోచింపకుడు. “గాదె కొలిచితివా నాయనా? ఆ పాత్రను దినదినము చూచువానిని అడిగితివా?” అని ప్రశ్నింపుడు. ఆ రెండు ప్రశ్నలు ఆనాడు నన్ను ఎవరైన అడిగియున్నచో, ఒక విడత మందు మట్టిపాలు కాకుండెడిది.